స్టడీ అవర్స్ లేని ఉద్యోగం: ఏడీహెచ్‌డీ ఉన్నవారికి పని ఎక్కడ ఆగిపోతుంది

హైదరాబాద్‌లో చాలామంది పెద్దవాళ్లకు ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్, అంటే ధ్యాస, కుదురు నిలవని స్థితి) అనే మాట ఉద్యోగంలో చేరాకే పరిచయమవుతోంది. చదువుకునే రోజుల్లో ఎవరికీ అనుమానం రాదు. పదో తరగతిలో మంచి మార్కులు, ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీ, ఎంసెట్ ర్యాంకు, ఇంజనీరింగ్ సీటు, క్యాంపస్ ప్లేస్‌మెంట్, అన్నీ సవ్యంగానే జరిగిపోతాయి. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగంలో చేరిన ఏడాది, రెండేళ్లకు చిక్కులు మొదలవుతాయి. ఎవరికీ అంతుపట్టని బగ్‌ను ఒక్క రాత్రిలో పట్టేసిన కుర్రాడు పది నిమిషాల టైమ్‌షీట్‌ను మూడు వారాలైనా నింపడు. క్లయింట్ ముందు చక్కగా మాట్లాడిన అమ్మాయి ఆ మీటింగ్ నోట్స్ మాత్రం ఎప్పటికీ పంపలేకపోతుంది. అప్రైజల్‌లో ఇలాంటివాళ్ల గురించి మేనేజర్లు రాసేది ఇంచుమించు ఒకటే: తెలివి ఉంది, నిలకడ లేదు.

అదే మనిషి చదువులో ఎలా నెగ్గుకొచ్చాడు? ఈ ప్రశ్నకు జవాబు మన కాలేజీల్లోనే ఉంది. ఇంటర్ హాస్టల్లో రోజు ఎలా గడుస్తుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తెల్లవారకముందే వార్డెన్ లేపుతాడు. ఏ గంటకు ఏ సబ్జెక్టో గోడమీద రాసి ఉంటుంది. స్టడీ అవర్స్‌లో లెక్చరర్ బెంచీల మధ్య తిరుగుతుంటాడు. చుట్టూ ఉన్న పిల్లలందరూ అదే పాఠం చదువుతుంటారు. వారం తిరిగేసరికి పరీక్ష, ఆ వెంటనే ర్యాంకుల జాబితా. ఆ చదువుల ఒత్తిడి పిల్లలకు చేసిన హాని చిన్నది కాదు, దాన్ని సమర్థించాల్సిన పని లేదు. అయితే ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏది ముందు చేయాలి, ఎంతసేపు చేయాలి, ఎప్పటికి ముగించాలి అనే నాలుగు నిర్ణయాలనూ అక్కడ పిల్లవాడు తీసుకోవాల్సిన అవసరమే లేదు. ఏడీహెచ్‌డీ ఉన్న మెదడుకు కష్టమైనవి సరిగ్గా ఈ నాలుగే. ఉద్యోగంలో చేరిన రోజున అవన్నీ ఒకేసారి ఆ మనిషి నెత్తిన పడతాయి. పట్టుదల పెంచుకుంటే ఈ లోటు తీరదు. అప్పట్లో హాస్టల్ చేసిపెట్టిన ఏర్పాట్లను, భయాన్ని మాత్రం వదిలేసి, మళ్లీ తన చుట్టూ కట్టుకోవాలి. ఆఫీసులో ఏడీహెచ్‌డీతో నెట్టుకురావడంలో పనికొచ్చే మార్గాలన్నీ దాదాపు ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి.

లోపల జరిగేది

ఏడీహెచ్‌డీ మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. ముప్పై ఏళ్లకు కొత్తగా వచ్చేది కాదు, అప్పటికి బయటపడేది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే నిర్ధారణ గ్రంథంలో దీనికి 18 లక్షణాలున్నాయి. తొమ్మిది ధ్యాస నిలవకపోవడానికి సంబంధించినవి, తొమ్మిది కుదురులేనితనానికీ ఆలోచించకుండా తొందరపడటానికీ సంబంధించినవి. 17 ఏళ్లు, ఆ పైన వయసున్నవారిలో ఏదో ఒక వర్గం నుంచి కనీసం ఐదు లక్షణాలు ఆరు నెలలుగా ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ఇల్లు, ఆఫీసు లాంటి రెండు చోట్లయినా ఇబ్బంది పెడుతుండాలి. పెద్దవాళ్లలో ఇది సుమారు 3 శాతం మందికి ఉంటుందని అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే వంశపారంపర్య ప్రభావం 74 శాతం దాకా తేలింది. బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లిన తండ్రి, అక్కడ అడిగే ప్రశ్నల్లో తన చిన్నతనాన్ని గుర్తుపట్టడం అందుకే తరచూ జరుగుతుంది.

ఉద్యోగం చేసేవారికి అన్నిటికన్నా పనికొచ్చే వివరణ అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్లీ ఇచ్చారు. 1997లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం లోపం తెలివిలోనో నైపుణ్యంలోనో లేదు. తనను తాను ఆపుకోవడం, కాలాన్ని అంచనా వేయడం, అనుకున్నదాన్ని మనసులో పట్టి ఉంచడం లాంటి అదుపు వ్యవస్థలో ఉంది. ఏం చేయాలో మనిషికి తెలుసు, తెలిసినదాన్ని చేయాల్సిన క్షణంలో చేయలేడు. టైమ్ మేనేజ్‌మెంట్ క్లాసులు ఇలాంటివాళ్లకు పెద్దగా ఉపయోగపడకపోవడానికి ఇదే కారణం. క్లాసు శనివారం జరుగుతుంది, పని మంగళవారం మధ్యాహ్నం ఆగిపోతుంది. సాయం ఆ మంగళవారం మధ్యాహ్నం, ఆ టేబుల్ మీద, కళ్లెదుట ఉండాలి.

ప్రతిఫలం విషయంలోనూ తేడా ఉంది. 2009లో అమెరికన్ పరిశోధకురాలు నోరా వోల్కో బృందం ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్ల మెదళ్లను పెట్ అనే స్కాన్ ద్వారా పరిశీలించింది. ప్రేరణకూ ప్రతిఫలానికీ సంబంధించిన భాగాల్లో, మెదడులో సంకేతాలు మోసే రసాయనమైన డోపమైన్ వ్యవస్థ సూచికలు తక్కువగా కనిపించాయి. సోషల్ మీడియాలో దీన్ని 'డోపమైన్ లేకపోవడం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అసలు సంగతి అంత సులువుగా లేదు. అయినా రోజువారీ పనిలో దాని ఫలితాన్ని గుర్తుపట్టొచ్చు. ఏడాది చివర వచ్చే హైక్ ఈ పూట పనిని ముందుకు నెట్టలేదు. ఇవాళ్టి ఆసక్తి, ఇవాళ్టి గడువు, ఇవాళ పక్కనున్న మనిషి మాత్రమే నెట్టగలవు.

ఇంట్లో దీన్ని బద్ధకం అనేస్తారు. బద్ధకానికీ దీనికీ ఉన్న తేడా బయటివాళ్లకు కనిపించదు, అనుభవించేవాళ్లకు మాత్రం చాలా స్పష్టంగా తెలుస్తుంది. బద్ధకంతో పని మానేసినవాడు ఆ మూడు గంటలూ హాయిగా గడుపుతాడు. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషి లాప్‌టాప్ ముందే కూర్చుని, ఆ పని గురించే టెన్షన్ పడుతూ, వేలు కదపలేక అలసిపోతాడు. సాయంత్రానికి పనీ కాదు, విశ్రాంతీ ఉండదు. ఇలా ఏళ్ల తరబడి గడిచాక తనంటే తనకే నమ్మకం పోతుంది. ఆందోళన, డిప్రెషన్ వీరిలో ఎక్కువగా కనిపించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మొదలుపెట్టడమే అసలు పని

సమయం ఎలా పంచుకోవాలి, ఏ యాప్ వాడాలి అనే సలహాలకు కొదవ లేదు. ఏడీహెచ్‌డీలో అసలు చిక్కు అంతకన్నా ముందే, మొదటి నిమిషంలోనే ఉంటుంది. అది దాటితే తర్వాతి గంట చాలాసార్లు దానంతటదే నడుస్తుంది.

లిస్టులో 'క్వార్టర్లీ రిపోర్ట్' అని రాసుకుంటే అది పని కింద లెక్కకు రాదు. దాని లోపల ఇరవై పనులున్నాయి, వాటిలో మొదటిదేదో తేల్చడం కూడా ఒక పనే. మెదడు అక్కడే మొరాయిస్తుంది. దాని బదులు 'పోయిన క్వార్టర్ ఫైల్ తెరిచి, కొత్త పేరుతో సేవ్ చేయాలి' అని రాసుకుంటే చేతికి ఏం చేయాలో తెలుస్తుంది. ఒక వాక్యం చదవగానే ఆలోచన అవసరం లేకుండా చేయి కదిలేంత చిన్నదిగా ఉండాలి. సాయంత్రం లేచేముందు మర్నాటి మొదటి కదలికను ఇలా ఒక కాగితం మీద రాసి కీబోర్డు కింద పెట్టి వెళ్లడం మంచి పద్ధతి. పని మధ్యలో, వాక్యం సగంలో ఆపి వెళ్లడం ఇంకా మంచిది. పూర్తయిన పేజీ తర్వాత కొత్తది మొదలుపెట్టడం కన్నా సగం వాక్యాన్ని పూర్తి చేయడం తేలిక.

దీనికి జతగా పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో వివరించిన పద్ధతి ఒకటుంది. 'రేపు తప్పకుండా చేస్తాను' అనుకోవడానికీ, 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అనుకోవడానికీ ఫలితంలో గట్టి తేడా ఉంటుంది. రెండో తరహాలో నిర్ణయాన్ని ముందే తీసుకుని ఒక సంఘటనకు ముడివేస్తారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మీద కూడా దీన్ని పరీక్షించి, మేలు జరుగుతుందని గమనించారు. రాయదుర్గం మెట్రోలో దిగి ఆఫీసుకు వచ్చే ఉద్యోగి అయితే, 'సీట్లో బ్యాగు పెట్టగానే, మెయిల్ తెరవకముందే, నిన్న ఆగిన పని ఫైల్ తెరుస్తాను' అని ముడివేసుకోవచ్చు. ఇక్కడ 'మెయిల్ తెరవకముందే' అన్నది ముఖ్యం. మెయిల్ తెరిచాక ఆ ఉదయం ఇతరుల చేతుల్లోకి పోతుంది.

ఇక పక్కన మనిషి ఉండటం. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల మధ్య దీన్ని బాడీ డబ్లింగ్ అంటారు. ఎదుటి మనిషి సాయం చేయనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు, తన పని తాను చేసుకుంటూ అక్కడ ఉంటే చాలు. దీనిపై గట్టి పరిశోధనలు ఇంకా తక్కువే. అయినా ఇది పనిచేస్తుందని చెప్పే ఉద్యోగులు ఎందరో ఉన్నారు. తెలుగువాళ్లకు ఇది కొత్త కూడా కాదు. కంబైన్డ్ స్టడీస్ పేరుతో స్నేహితుడి ఇంటి డాబా మీద చదివి పరీక్షలు గట్టెక్కినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఇవాళ్టికీ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్ నగర్ సందుల్లోని స్టడీ హాళ్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చుంటారు. రూమ్‌లో చదువుకునే చోటున్నా నెలనెలా ఫీజు కట్టి అక్కడ ఒక కుర్చీ తీసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆ డబ్బు కడుతున్నది చుట్టూ చదివేవాళ్ల మధ్య కూర్చోవడం కోసమే.

ఉద్యోగంలో ఇదే పని చాలా తేలికగా చేయొచ్చు. వారానికి రెండుసార్లు మధ్యాహ్నం మూడింటికి ఒక చిన్న మీటింగ్ రూమ్ బుక్ చేసుకుని, ఇద్దరు సహోద్యోగులు తమ తమ పెండింగ్ పనులు తెచ్చుకుని ముప్పావుగంట కూర్చోవచ్చు. టైమ్‌షీట్లు, బిల్లుల రీయింబర్స్‌మెంట్, డాక్యుమెంటేషన్ లాంటి విసుగు పనులకు ఇది బాగా పనికొస్తుంది. ఇంటినుంచి పనిచేసేవాళ్లు వీడియో కాల్‌ను మ్యూట్‌లో పెట్టి ఇదే చేస్తున్నారు. మనిషిని ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త పడాలి. కబుర్లరాయుడు పనికిరాడు. తప్పులు పట్టే మనిషి అసలే పనికిరాడు, ఎందుకంటే చూస్తున్నారన్న భయం మొదలైతే చేయి మళ్లీ ఆగిపోతుంది. 2020 తర్వాత ఇంటినుంచి పని అలవాటైనప్పుడు కొందరి పనితీరు అకారణంగా పడిపోయినట్టు కనిపించడం వెనుక ఇదీ ఒక కారణం కావచ్చు. వాళ్లకు తెలియకుండానే ఆఫీసు ఫ్లోర్ నిండా ఉన్న మనుషులు వాళ్లను ఇన్నాళ్లూ కూర్చోబెట్టారు.

గడియారం కనిపించాలి

ఏడీహెచ్‌డీలో కాలం రెండు ముక్కలుగా అనిపిస్తుంది: ఇప్పుడు, ఇప్పుడు కానిది. వచ్చే శుక్రవారం, వచ్చే సంక్రాంతి రెండూ 'ఇప్పుడు కాని' వైపే ఉంటాయి. శుక్రవారం గురువారం రాత్రికి గానీ 'ఇప్పుడు' అవదు. అప్పుడు ఒంట్లో పుట్టే కంగారు పనిని లాక్కుపోతుంది, తెల్లారేసరికి పని అయిపోతుంది కూడా. ఇలా కొన్నిసార్లు గట్టెక్కాక, ఒత్తిడిలోనే బాగా పనిచేస్తానని మనిషి నమ్మేస్తాడు. ఒళ్లు చెల్లించే మూల్యం, నిద్ర, ఇంట్లో గొడవలు, తర్వాతి మూడు రోజుల నీరసం ఆ లెక్కలోకి రావు.

తనకు తానే రెండు రోజుల ముందు గడువు పెట్టుకుంటే పనిచేయదు. అది ఉత్తుత్తి గడువని పెట్టుకున్న మనిషికి తెలుసు. గడువు వెనుక ఇంకో మనిషి ఉండాలి. 'బుధవారం నాలుగింటికి పది నిమిషాలు కూర్చుందాం, సగం చేసినది చూపిస్తాను' అని టీమ్‌లీడ్‌కు క్యాలెండర్ ఇన్‌వైట్ పంపితే బుధవారం నిజమైన గడువవుతుంది. అక్కడ చూపించేది గజిబిజిగా ఉన్నా ఫర్వాలేదని ఇద్దరికీ ముందే ఒప్పందం ఉండాలి, లేకపోతే ఆ పది నిమిషాలే మరో భయంగా మారతాయి.

ముళ్లున్న గడియారం టేబుల్ మీద ఉంటే గంటలో ఎంత భాగం కరిగిందో కంటికి కనిపిస్తుంది. ఫోన్‌లో అంకెలు ఆ పని చేయవు. పైగా టైమ్ చూద్దామని ఫోన్ తీసినవాడు నలభై నిమిషాల తర్వాత రీల్స్‌లోంచి తేలతాడు. అలారానికి ఫోన్ వాడకుండా చేతి గడియారమో వంటింటి టైమరో వాడటం మంచిది. 1980ల చివర్లో ఇటలీ విద్యార్థి ఫ్రాన్సెస్కో సిరిల్లో వంటింటి టైమర్‌తోనే తన పోమొడోరో పద్ధతిని తయారుచేసుకున్నాడు, 25 నిమిషాలు పని, ఐదు నిమిషాల విరామం. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో కొందరికి ఇది వరం. ఇంకొందరికి పని అప్పుడే పట్టాలెక్కినప్పుడు మోగే గంట ఉన్న ధ్యాసను కూడా చెదరగొడుతుంది. విసుగు పనికి పదిహేను నిమిషాలు, ఇష్టమైన పనికి గంటన్నర పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఇష్టమైన పనిలో మునిగిపోయి భోజనం, నీళ్లు, ఇంకో మీటింగ్ మర్చిపోయేవాళ్లకు మొదలుపెట్టే అలారం కన్నా ఆపే అలారం ముఖ్యం.

అంచనాల సంగతి కూడా ఇదే. ఏ పనికి ఎంతసేపు పడుతుందనుకున్నారు, నిజంగా ఎంతసేపు పట్టింది అని కొన్ని రోజులు పక్కపక్కన రాసుకుంటే ఎవరి తేడా ఎంతో వాళ్లకే తెలుస్తుంది. కొందరిలో అది రెట్టింపు కూడా ఉండొచ్చు. స్ప్రింట్ ప్లానింగ్‌లో, అంటే రాబోయే వారాల పనిని టీమ్ పంచుకునే మీటింగ్‌లో, ఆ లెక్క ప్రకారం మాట ఇవ్వడం మొదలుపెడితే సగం అపనింద పోతుంది.

నోటిమాట పని, చెదిరిన మధ్యాహ్నం

మన ఆఫీసుల్లో పని ఒక దారిన రాదు. మెయిల్‌లో కొంత, టీమ్స్‌లో కొంత, వాట్సాప్ గ్రూపులో కొంత, కారిడార్‌లో నడుస్తూ 'అన్నట్టు అది కూడా చూడవా' అంటూ కొంత వస్తుంది. మామూలు మనిషికి కూడా ఇది భారమే. పనిచేస్తున్నంతసేపు విషయాన్ని మనసులో పట్టి ఉంచే శక్తి బలహీనంగా ఉన్నవాళ్లకు కారిడార్‌లో విన్నమాట సీటు దాకా కూడా రాదు. 'సరే సర్, ఒక్క లైన్ మెసేజ్ పెట్టండి, లేకపోతే మర్చిపోతాను' అనడం నామోషీ కాదు. అడగడానికి మొహమాటమైతే అక్కడే నిలబడి తనే మెసేజ్ పంపొచ్చు, 'మీరు చెప్పినది ఇదే కదా' అని. ఎన్ని దారుల్లో వచ్చినా చేరేచోటు ఒక్కటే కావాలి. అది నోట్‌బుక్కా, యాప్‌నా అన్నది పెద్ద విషయం కాదు. నెలకో కొత్త యాప్ మార్చడం మాత్రం నష్టం, ఆ యాప్‌ను సర్దుకోవడమే ఆసక్తికరమైన పనిగా మారి అసలు పనిని మింగేస్తుంది.

అంతరాయాల మీద కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్లోరియా మార్క్ చేసిన పరిశీలనల్లో, మధ్యలో ఆగిన పనికి తిరిగి రావడానికి ఉద్యోగులకు సగటున ఇరవై నిమిషాలకు పైనే పడుతున్నట్టు తేలింది. అది సాధారణ ఉద్యోగుల లెక్క. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషి ఒక్కోసారి ఆ రోజుకు తిరిగి రానే రాడు, ఏ పనిలో ఉన్నాడో కూడా గుర్తుండదు. అందుకని ఎవరైనా పిలిస్తే తల ఎత్తేముందు ఐదు క్షణాలు అడిగి, ఆగిన చోటును రెండు మాటల్లో రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. 'లాగిన్ టెస్ట్, మూడో కేసు' అని రాసి ఉంటే చాలు, తిరిగొచ్చాక అదే చేయి పట్టుకుని కూర్చోబెడుతుంది. ఇక శబ్దం. హెడ్‌ఫోన్స్‌లో వానలాంటి ఒకే తీరు శబ్దం వింటే ధ్యాస కొంత మెరుగవుతుందని ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మీద, యువత మీద జరిగిన అధ్యయనాల్లో కనిపించింది. లాభం చిన్నదే, ఖర్చూ లేదు.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగాల్లో ఇంకో చిక్కుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అసలు కాల్స్ అప్పుడే మొదలవుతాయి. ఉదయం నుంచి అప్పటిదాకా అడిగేవాళ్లు లేని ఖాళీ ఎడారిలా పరుచుకుని ఉంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయం అదే. మధ్యాహ్నమంతా చేజారిపోయి, కాల్‌కు ముందు గంటలో పరుగు మొదలవుతుంది, రాత్రి పదకొండుకు కాల్ అయ్యాక నిద్ర పట్టదు. వీళ్లలో చాలామందికి నిద్ర గడియారం మామూలుగానే ఆలస్యంగా నడుస్తుంది, ఆ పైన ఈ షిఫ్టు, రాత్రి తాగే టీ. నిద్ర తగ్గిన మర్నాడు ధ్యాస ఇంకా తగ్గుతుంది. ఉదయం పదకొండుకు ఇక్కడి సహోద్యోగితో ఒక చిన్న కాల్‌ను నిలకడగా పెట్టుకుంటే ఆ ఖాళీకి ఒక గట్టు ఏర్పడుతుంది.

ఐటీ గురించే ఇంతసేపు చెప్పుకున్నా ఇది ఐటీ జబ్బేమీ కాదు. బేగంబజార్‌లో హోల్‌సేల్ కౌంటర్ మీద కూర్చున్న మనిషికి ఏడీహెచ్‌డీ ఉన్నా పగలు ఇబ్బంది తెలియకపోవచ్చు. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు, తర్వాతి పని తనే అడుగుతాడు. నెలనెలా జీఎస్‌టీ రిటర్నులు వేసే వ్యాపారికి 11న ఒకటి, 20న ఒకటి గడువుంటుంది, బండి అక్కడ ఆగుతుంది. బిల్లులు దొరకవు, లేట్ ఫీజు పడుతుంది. నెలాఖరు దాకా పోగేయకుండా ప్రతి శనివారం బిల్లుల సంచి నేరుగా అకౌంటెంట్‌కు పంపేయడం అక్కడ సరైన మందు. ప్రమోషన్‌లోనూ ఇదే జరుగుతుంది. చేతికందిన పనిని చురుగ్గా చేసిన మనిషిని లీడ్‌ని చేయగానే, పని పంచడం, గుర్తుపెట్టుకోవడం, వెంటపడటం అతని వంతవుతుంది. అప్పటిదాకా మెచ్చుకున్న వాళ్లే నిలకడ లేదంటారు. ప్రమోషన్ ఒప్పుకునేముందు, ఆ పని ఏ రూపంలో వస్తుందో అడిగి తెలుసుకోవడం అవసరం.

ఆడవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చిన్నప్పుడు గోల చేసి, బెంచీలెక్కిన మగపిల్లాణ్ని టీచర్ గుర్తిస్తుంది. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్న ఆడపిల్లను ఎవరూ గుర్తించరు. ఆడపిల్ల పద్ధతిగా ఉండాలన్న పెంపకంలో ఆ అమ్మాయి తన చెదురుతనాన్ని దాచుకోవడం నేర్చుకుంటుంది, రెండింతలు కష్టపడి. పెళ్లయ్యాక ఇంట్లో ఎవరి మందులు ఎప్పుడు, పాల ప్యాకెట్లు ఎన్ని, స్కూల్ ఫీజు గడువెప్పుడు అన్నీ ఆమె తలలోనే ఉండాలని అందరూ ఆశిస్తారు. మెటర్నిటీ లీవ్ తర్వాత తిరిగి ఉద్యోగంలో చేరినప్పుడు ఆ దాపరికం నిలవదు. ఇంటి జాబితాను ఫ్రిజ్ మీదకు ఎక్కించి, ఇంట్లో అందరూ చూసుకోవాలని పట్టుబట్టడం ఆమె ఆఫీసు పనికి కూడా చికిత్సే.

డాక్టరు, మందులు, హెచ్‌ఆర్

పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ లక్షణాలను చూసేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తయారైన ఏఎస్‌ఆర్‌ఎస్ ప్రశ్నావళి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో మొదటి ఆరు ప్రశ్నలకు వచ్చిన జవాబును బట్టి డాక్టరును కలవాలా వద్దా అన్నది తెలుస్తుంది, అంతవరకే. నిర్ధారణ సైకియాట్రిస్ట్ చేయాలి. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఉంటే తీసుకెళ్లాలి, వీలైతే అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్లాలి, బాల్యం గురించి వాళ్లకే బాగా గుర్తుంటుంది. థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగడం, ఆందోళన, డిప్రెషన్ కూడా ధ్యాసను ఇలాగే చెదరగొడతాయి కాబట్టి వాటిని పరీక్షించాలి. ఐదు నిమిషాల్లో నిర్ధారణ చేసి చీటీ రాసిచ్చేవారి దగ్గర ఆగకపోవడం మంచిది. ప్రైవేటులో ఖర్చు భరించలేనివారికి ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. నగరంలో ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడటం వల్ల ఎందరో అక్కడికి వెళ్లాల్సిన ఏళ్లను పోగొట్టుకున్నారు, ఇది మానుకోవాల్సిన అలవాటు. ముందు ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

మందుల్లో మన దేశంలో ముఖ్యంగా వాడేవి మిథైల్‌ఫెనిడేట్, అటమోక్సెటిన్. మిథైల్‌ఫెనిడేట్ గంటలోపే పనిచేయడం మొదలుపెడుతుంది. రకాన్ని బట్టి ప్రభావం కొన్ని గంటల నుంచి పూర్తి పనిరోజు దాకా ఉంటుంది. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, గుండె వేగం పెరగడం ఉంటాయి, అందుకే బీపీ, నాడి చూస్తుండాలి. ఇది మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోని మందు కావడంతో అన్ని మందుల షాపుల్లో దొరకదు, ప్రిస్క్రిప్షన్ లేకుండా అసలే ఇవ్వరు. నెల చివరి మాత్ర దాకా ఆగకుండా వారం ముందే కొనిపెట్టుకోవాలి. అటమోక్సెటిన్ ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. రెండూ పనిని మొదలుపెట్టడాన్ని తేలిక చేస్తాయి. ఏ పని మొదలుపెట్టాలో చెప్పవు. మాత్ర వేసుకుని యూట్యూబ్ తెరిస్తే ధ్యాస అంతా యూట్యూబ్ మీదే నిలుస్తుంది. మందు వాడుతున్నా లక్షణాలు మిగిలిన పెద్దవాళ్లకు సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) అదనంగా మేలు చేసిందని అమెరికన్ మనస్తత్వవేత్త స్టీవెన్ సాఫ్రెన్ బృందం 2010లో చూపింది. అందులో నేర్పేది చాలావరకు ఈ ఏర్పాట్లే: జాబితా, క్యాలెండర్, పనిని ముక్కలు చేయడం, ధ్యాస చెదిరినప్పుడు తిరిగి రావడం.

ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిన విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది, ఏడీహెచ్‌డీ పేరు వాటిలో విడిగా లేదు. అంటే సర్టిఫికెట్ చూపించి సదుపాయాలు అడిగే దారి చాలామందికి గట్టిగా లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికి శారీరక జబ్బులతో సమానంగా బీమా కల్పించమంటుంది. అయినా ఓపీ కన్సల్టేషన్ ఖర్చు చాలా పాలసీల్లో రాదు కాబట్టి కంపెనీ పాలసీ కాగితం ముందే చదువుకోవాలి. చట్టం ఇంత పలుచగా ఉన్నప్పుడు, జబ్బు పేరు చెప్పకుండా మార్పు ఒక్కటే అడగడం చాలామందికి సురక్షితం. 'మీటింగ్ తర్వాత నా వంతు పనులు రాసి పంపితే తప్పులు తగ్గుతాయి', 'పెద్ద పనికి మధ్యలో ఒక చిన్న గడువు పెట్టండి', 'ప్యాంట్రీ పక్క సీటు కాకుండా గోడ వైపు సీటు ఇవ్వండి'. వీటికి ఏ నిర్ధారణ పత్రం అక్కర్లేదు, ఖర్చూ లేదు, మంచి టీమ్‌లీడ్ ఎవరికైనా ఒప్పుకోదగ్గవే. పనితీరు మీద ఇప్పటికే హెచ్చరిక మెయిల్ వచ్చినవారి సంగతి వేరు. అప్పుడు నిర్ధారణ, చికిత్స వివరం హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, కావలసిన మార్పులను అందులోనే రాయడం మేలు. ఒప్పుకున్న విషయాలను కూడా మెయిల్‌లోనే తీసుకోవాలి, ఎందుకంటే ఆరు నెలల్లో మేనేజర్ మారిపోతే కొత్తగా వచ్చినవారికి చూపించడానికి అది కావాలి.